గ్రెగ్ తుపాకికి నేనెంచిన గుండు

అక్టోబర్ 6, ఆదివారం. సౌదీ, జుబైల్. ఉదయం 5.20, సైట్ బస్సులో.

కొత్త నిర్ణయం. రోజూ సాయంత్రం ఒక గంట చదువుతాను. నెల తిరిగేలోపు మా మేనేజర్ గ్రెగ్ తుపాకికి గురి తప్పని స్లగ్ ఎంచి పెడతాను.

నవంబర్‌లో ఆయన అమెరికా వెళ్ళి జింకల్ని వేటాడతాడు. వాళ్ళ వైపు ఆ వేటకి రైఫిల్ కుదరదట. షాట్‌గన్‌లో చిన్న గుళ్ళకు బదులు ఒకే పెద్ద సీసపు గుండు వేసి కాల్చాలి. అదే స్లగ్. నిరుడు మూడు కాల్చాడు, మూడూ గురి తప్పాయి. లంచ్‌లో ఆ గోడు వెళ్ళబోసుకుంటుంటే "నాకు వదిలెయ్యండి సర్" అన్నాను.

నేను తుపాకి ముట్టుకున్నది లేదు. అయితేనేం, పన్నెండేళ్ళ ఇన్‌స్పెక్షన్ ఇంజినీర్ని. లీడ్ పోస్టు ఖాళీగా ఉంది. వస్తే ఫ్యామిలీ క్వార్టర్స్. కాకినాడ నుంచి ఇంద్రజ, పాప ఉజ్వల వచ్చేస్తారు. పాపకి ఆరేళ్ళు. నాన్న అంటే ఫోన్లో కనపడే మొహం అనుకుంటోంది.

అక్టోబర్ 7, సోమవారం.

సాయంత్రం 6 నుంచి 8. గంట కాదు, రెండు. పదకొండు బ్రాండ్లు. ఎక్సెల్ షీట్: బరువు, వేగం, యాభై గజాల దగ్గర గురి, డబ్బా రంగు. వేటగాళ్ళ ఫోరమ్‌లూ చూశాను. ఒక్కడికీ వాక్యం రాయడం రాదు. ప్రతివాడూ "నీ తుపాకితో కాల్చి చూసుకో" అంటాడు. కాల్చి చూసుకునేటట్టయితే డేటాషీట్ దేనికి?

అక్టోబర్ 9, బుధవారం.

పైప్ ఫిట్టర్ సదానందం, నిజామాబాద్ మనిషి, నా స్క్రీన్‌లోకి తొంగి చూశాడు.

"సార్, ఆ తుపాకి గొట్టం లోపల గీతలున్నయా, నున్నగున్నదా?"

"నీకెందుకయ్యా?"

"లోపల జూడకుంట పైపుల ఏమన్న పంపుతమా సార్?"

పైపులు బిగించేవాడు నాకు తుపాకులు చెబుతున్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఆ చిరాకులో చదువు సాగలేదు. తప్పు అతనిదే.

అక్టోబర్ 11, శుక్రవారం.

సెలవు. సెలవునాడు చదవాలని నిర్ణయంలో లేదు. ఇంద్రజ ఫోన్.

"తుపాకి ఎలాంటిదో ఆయన్నే అడగొచ్చు కదండీ?"

"అడిగితే నాకు తెలీదని తెలిసిపోదూ?"

"తెలీదు కదండీ మరి."

ఆవిడకి ఆఫీసు వ్యవహారాలు ఏం తెలుసు.

అక్టోబర్ 15 నుంచి 24.

మరమ్మతులకి ప్లాంటు షట్‌డౌన్. రోజుకి పన్నెండు గంటల డ్యూటీ. చదువు సున్నా. సగం వచ్చేసింది, మిగతాది ఊహించగలను.

నవంబర్ 3, ఆదివారం.

గ్రెగ్ ప్రయాణం రేపే. షీట్‌లో నాలుగు గళ్ళు ఖాళీ. అన్నిటికన్నా ఖరీదైనది ఎంచాను: సాబో స్లగ్, ప్లాస్టిక్ తొడుగులో సన్నటి గుండు. కింద "ఆమోదించడమైనది" అని ముద్ర, నా సంతకం. గ్రెగ్ భుజం తట్టాడు. పెట్టె సర్దుకోమని ఇంద్రజకి చెప్పాను.

డిసెంబర్ 1, ఆదివారం.

గ్రెగ్ వచ్చాడు. గురి చూసి కాల్చిన కాగితం ఒకటి నా బల్ల మీద పరిచాడు. అయిదు చిల్లులు, తలో మూల. రెండు గుండ్రంగా కూడా లేవు. గుండు అడ్డంగా తిరిగి తగిలింది. సాబోని గుండ్రంగా తిప్పి పంపేవి గొట్టం లోపలి గీతలు. ఆయనది వాళ్ళ తాత తుపాకి, లోపల నున్నగా ఉంటుంది. వేటలో జింక తప్పిపోయాకే అనుమానం వచ్చి కాగితం మీద కాల్చి చూశాడట.

"నన్నొక మాట అడగాల్సింది" అన్నాడు ఇంగ్లీషులో, మెల్లగా. తిట్టినా బాగుండేది.

లీడ్ పోస్టు నా పక్క బల్ల ఇర్ఫాన్‌కి. సంతకం పెట్టేముందు ప్రతివాణ్ణీ పదిసార్లు అడిగే రకం. మందమతి అనుకునేవాణ్ణి.

"పెట్టె విప్పేశానండీ" అంది ఇంద్రజ. ఉజ్వల దాని కొత్త బూట్లు మాత్రం బయటికి తియ్యనివ్వలేదట. ఏడుపొచ్చింది నాకు.

డిసెంబర్ 2, సోమవారం. ఉదయం 5.20, సైట్ బస్సులో.

కొత్త నిర్ణయం. వచ్చే నవంబర్ ఉంది. రోజూ ఒక గంట. నున్నటి గొట్టానికి పనికొచ్చే స్లగ్గులే, తొమ్మిది బ్రాండ్లు, కొత్త షీట్. ఒక్క గడి ఖాళీ: గొట్టం ఎంత లావు, పన్నెండు గేజా, ఇరవయ్యా?

ముందు సీట్లోంచి సదానందం వెనక్కి తిరిగాడు.

"ఈసారన్న అడిగిన్రా సార్?"

పన్నెండే అయ్యుంటుంది. రాసేశాను.