తలాపు ఎత్తిన మంచం

హారోస్ కోవ్, మెయిన్
నవంబరు

నా ప్రాణం డెల్లక్కకి,

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా "మా ఆయన ఎల్వుడ్ బాగానే ఉన్నాడక్కా" అని పెట్టేస్తున్నాను. అది అబద్ధం. ఆయన పక్క గదిలోనే ఉంటాడు, నోరు విప్పలేక రాస్తున్నాను.

క్యాన్సర్ పట్టిన అన్నవాహిక తీసేసి, దాని చోట పొట్టనే పైకి లాగి గొంతు దగ్గర కుట్టారు కదా. కిందిది పైకి రాకుండా ఆపే తలుపు ఆ కోతతోనే పోయింది. నడుం వాలిస్తే చాలు, పసరు గొంతులోకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. కొంచెం కొంచెం తినాలి, తిన్న వెంటనే పడుకోకూడదు, తల ఎత్తుగా ఉండాలి అన్నాడు డాక్టరు. పడవేసుకుని లాబ్‌స్టర్ రొయ్యల వేటకి తెల్లారకముందే పోవాలని సాయంత్రం తిన్న చెయ్యి ఆరకుండా మంచమెక్కే మనిషి. ఆ అలవాటు ఎలాగో మాన్పించాను.

తల ఎత్తుగా అన్నారని, నువ్వు పంపిన బాతు ఈకల దిండ్లు ఒకదానిమీద ఒకటి పేర్చింది నేనే. మనిషి నడుం దగ్గర మడతపడి పొట్ట నొక్కుకుపోయింది. నిద్రలోనే ఉక్కిరిబిక్కిరై నీలంగా మారిపోయాడు. న్యుమోనియా, మళ్ళీ ఆసుపత్రి. "దిండ్లు కాదమ్మా, నడుం మడతపడకుండా ఒళ్ళంతా వాలుగా లేవాలి" అంది నర్సు.

ఇంటికొచ్చినప్పటినుంచీ ముందుగదిలో కుర్చీలోనే నిద్ర. "నువ్వెళ్ళి పడుకోవే" అంటాడు, నా మొహం చూడడు. ఆయనకి నా చేతుల మీద నమ్మకం పోయిందక్కా. గోడకి చెవి ఆనించి పడుకుంటాను. దగ్గు వినబడితే భయం, వినబడకపోతే ఇంకా భయం. క్రిస్మస్ అయ్యాక పోర్ట్‌ల్యాండ్‌లో వాళ్ళ చెల్లెలింట్లో దింపేస్తాను. అక్కడికి ఆసుపత్రి దగ్గర. నా చేతుల్లో పోవడం కన్నా అదే నయం.

నీ లినెట్

*

డెల్లక్కా,

ఆయన్ని ఎక్కడికీ పంపడం లేదు.

శనివారం చర్చిలో బీన్స్ విందుకి వడ్డించడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మంచం తలాపు కోళ్ళ కింద, చలికాలం ఒడ్డుకెక్కించిన మా పడవ కింద పెట్టే ఓక్ చెక్క దిమ్మెలున్నాయి.

"ఎవరెత్తారు దీన్ని?" ఆయనే ఎత్తాడేమోనని అడిగాను.

"పక్కింటి బర్ట్. నేను కేకలేశానంతే" అన్నాడు ఎల్వుడ్. "ఒడ్డుకెక్కించిన పడవని చదునుగా పెడతామా? ముందు ఎత్తుగా ఉంటేనే లోపల చేరిన వాననీళ్ళు వెనక తూములోంచి పోతాయి. ఇన్నేళ్ళు పడవకి చేసింది నాకు చేసుకోవాలని తట్టలేదు. బుర్ర కూడా కోసేశారేమో."

నాకు నవ్వు రాలేదు. "దిండ్లు పెట్టింది నేను కదా, అందుకే కుర్చీకి పోయావనుకున్నా" అన్నాను.

దిమ్మెని కాలితో తట్టి చూశాడు. "పిచ్చిదానా. మా నాన్న మా అమ్మ పక్కనే నిద్రలో పోయాడు. అమ్మ మళ్ళీ ఆ మంచం ఎక్కలేదు, బతికినన్నాళ్ళూ కుర్చీలోనే. నీకా గతి పట్టకూడదని నేనే కుర్చీకి పోయాను."

"మరిప్పుడు?"

"ఒక్కడినే ఉంటే ఇంకా భయమేస్తోందే."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట ఆ మాట వినలేదు. నా భయం కూడా పోలేదక్కా. ఇప్పుడూ నిద్ర మానుకుని వింటున్నాను, కాకపోతే గోడకి కాదు, ఆయన వీపుకి చెవి ఆనించి. ఆ వాలుకి తెల్లారేసరికి నేను మంచం చివరికి జారిపోతున్నాను. నీ దిండ్లన్నీ అక్కడ అడ్డంగా పెట్టాను.

నీ చెల్లి
లినెట్