కొవ్వొత్తి వెలుతురుకి ఆగే కెమెరా

మార్చి 8, ఆదివారం

మార్తమ్మగారి మనవడి బాప్తిస్మం ఫోటోలు ఇచ్చి వచ్చాను. ఆవిడ ఒకటి కిటికీ దగ్గరికి ఎత్తి చూసి— "ఏంటే సుగుణా, పిల్లాడికి ఆటలమ్మ పోసినట్టుంది!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజమే. గుడిలో ఆ మూల చీకటి. మా ఆయన కెమెరా ముసలిదైపోయింది, వెలుతురు తగ్గితే బొమ్మ నిండా చుక్కలు.

గుమ్మం దాటుతుంటే లోపల కోడలు— "ఈసారి ఫోన్‌తోనే తీసుకుందాం అత్తయ్యా."

విననట్టే చెప్పులేసుకున్నాను.

మార్చి 9

మా గుడి అయ్యగారు ఫోన్ చేశారు. "ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధనమ్మా. ఫోటోలు నువ్వే. ప్రార్థనలో ఆ ఫ్లాషు మాత్రం వద్దు, పోయినేడు పిల్లలు జడుసుకున్నారు."

సరేనండి అన్నాను. కొవ్వొత్తుల వెలుతురులో, ఈ కెమెరాతో... సరేనండి అనడం తప్ప నాకేమొచ్చు.

లెన్సు బాగానే ఉంది. కెమెరా బాడీ ఒక్కటి మార్చాలి.

మార్చి 11

బాపట్ల నుంచి చెల్లెలు. "అందరి చేతుల్లో ఫోన్లుంటే నీ కెమెరా ఎందుకక్కా? ఆ డబ్బుతో మోకాళ్ళు చూపించుకో."

ఆయన పోయి మూడో ఏడు. కెమెరా ఉంది కాబట్టి ఎవరో ఒకరు పిలుస్తున్నారు— ప్రధానం, బాప్తిస్మం, గృహప్రవేశం. వెళ్తాను, తీస్తాను, నాకూ ఒక ఆకు వేస్తారు. "తిన్నావా సుగుణా" అని ఎవరో ఒకరు అడుగుతారు. అది కూడా ఆగిపోతే...

"చూపించుకుంటాలేవే" అన్నాను.

మార్చి 14, శనివారం

రేపల్లె రైలెక్కి తెనాలి. సాంబశివరావుగారి షాపు. కెమెరాకి ఏ చిన్న రిపేరొచ్చినా మా ఆయన అక్కడికే తెచ్చేవారు. "రండి వదినగారూ" అని కుర్చీ తుడిచి వేశారు.

నా దగ్గరున్న డబ్బుకి వచ్చేవి రెండే. ఒకటి కొత్తది— చిన్నది, తేలిక, గ్యారంటీ ఉంది. ఒకటి వాడినది— ఇటుకంత బరువు, అంచులు అరిగిపోయి. కొత్తదే తీసుకుందామనుకున్నాను.

"దీన్లో మోటారు ఉండదండి. అన్నయ్యగారి లెన్సు తగిలిద్దిగాని దానంతటది ఫోకస్ చేసుకోదు. మీరే చేత్తో తిప్పుకోవాలి."

నా చత్వారానికి చేత్తో తిప్పడం...

"లేదంటే ఆ లెన్సు నాకిచ్చేయండి, కొత్త లెన్సుతో సహా సర్దేస్తా. వాడిందంటారా, దానికి ఆ లెన్సు పనిచేసిద్ది. కాని రేపు ఆగిపోతే నన్నడక్కూడదు."

ఆలోచించుకుని వస్తానండి.

మార్చి 15

మోకరిస్తే కూడా కెమెరాలే కళ్ళముందు. క్షమించు ప్రభువా.

మార్చి 17

లెన్సు తుడిచాను. "దీనికి కళ్ళు పెద్దవి సుగుణా, చీకట్లోనూ చూసిద్ది" అనేవారు. ఆయన వేళ్ళు ఆనేచోట రింగు నున్నగా అరిగింది.

మార్చి 21, శనివారం

మళ్ళీ తెనాలి. క్రిస్మస్‌కి మిగిలిన కొవ్వొత్తి సంచిలో పెట్టుకెళ్ళాను. షట్టరు దించి లైట్లు ఆర్పమన్నాను. అంత మాట నేనే అన్నానా!

"షాపు తగలబెడతారా ఏంటి వదినగారూ!"

కౌంటరు మీద వెలిగించి, సాంబశివరావుగారినే ఎదురుగా నిలబెట్టాను. కొత్తది, దాని లెన్సుతో— ముందుకీ వెనక్కీ వెతుక్కుని వెతుక్కుని, చివరికి బొమ్మంతా చీకటి. దానికే మా ఆయన లెన్సు పెట్టి చేత్తో తిప్పాను— మీసం బాగుంది, కళ్ళు మసక. అదే లెన్సు వాడినదానికి పెట్టాను. గర్రుమని ఒక్క చప్పుడు, నిలిచింది. కళ్ళు రెంటిలోనూ కొవ్వొత్తి.

సాంబశివరావుగారు చూసుకుని— "ముసలాణ్ణయిపోయానండి." తరువాత— "గ్యారంటీ లేదు, మళ్ళీ చెబుతున్నా."

"దేవుడున్నాడండి."

"దేవుడు కెమెరా షట్టరు బాగుచెయ్యడు వదినగారూ, నేనే చెయ్యాలి."

వాడినదే తీసుకుని, మా ఆయన పాత బాడీ అక్కడే ఇచ్చేశాను. ఇచ్చేముందు పమిటతో తుడిచాను. తుడిచినచోటే తుడిచాను. సాంబశివరావుగారు అటు తిరిగి బిల్లు రాశారు.

మార్చి 29, మట్టల ఆదివారం

గుడిలో తీశాను. బరువుకి మెడ లాగేస్తోంది. ఎవరూ ఏమీ అనలేదు.

ఏప్రిల్ 4

ఆయన సమాధికి సున్నం వేశాను. మరీ తెల్లగా వచ్చింది. "తెల్లటిదాన్ని చూస్తే కెమెరా మోసపోయిద్ది, మొహాలు నల్లబడతాయి"— ఈస్టరు ముందు ఏటా అనేవారు. రేపు నాకు నేనే గుర్తుచేసుకోవాలి.

ఏప్రిల్ 5, ఈస్టరు

చీకటితోనే వెళ్ళాను. దేవుని దయ, కెమెరా ఆగలేదు. వరసలుగా కొవ్వొత్తులు, బంతిపూలు. మా గుడివాళ్ళు ఫోటోకి సమాధి వెనక నిలబడేటప్పుడు మధ్యలో ఒక మనిషికి చోటు వదులుతారు, పోయినవాళ్ళకి. ఆ చోటు కోసి పారేయకుండా తీయాలి.

మార్తమ్మగారింట్లోవాళ్ళు ఫోటో తీద్దామని ఫోన్లు ఎత్తారు. "ఏం రావట్లేదే..." కోడలు నావంక చూసింది. మార్తమ్మగారే అన్నారు— "సుగుణా, మమ్మల్నీ ఒకటి తియ్యి."

తీశాను. ఇంకొకటి కూడా, అడక్కుండానే.

ఆయన దగ్గరకి ఆఖర్న వెళ్ళాను. అప్పటికి బాగా తెల్లారింది. కొవ్వొత్తి వెలిగించాను, వెలిగిందో లేదో చెయ్యి పెట్టి చూసుకోవాల్సొచ్చింది. ఆయనకి చోటు వదిలి పక్కన నిలబడ్డాను. అటుపక్క ఎవరూ లేరు. ఫోటో లేదు.

ఏప్రిల్ 9

ఫోటోలు ఇచ్చాను. మార్తమ్మగారు కళ్ళద్దాలు తెప్పించుకుని చాలాసేపు చూశారు. "రాయి మీద మా ఆయన పేరు చదవొస్తందే..." ఫోటో బోర్లించి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆటలమ్మ మాట ఎత్తలేదు.

ఏప్రిల్ 11, శనివారం

మార్తమ్మగారి ఫోను. "మంగళవారం పెనుమూడిలో మా అమ్మాయింట్లో కృతజ్ఞత కూడిక. పొద్దున్నే వచ్చెయ్యి, భోజనం అక్కడే."

సరేనండి అన్నాను. పెట్టేశాక తట్టింది— కెమెరా సంగతి ఎత్తలేదు. మరిచిపోయారా? ఫోన్‌తో తీసుకుంటారా? లేక... ఉత్తినే రమ్మన్నారా, నన్ను?

తిరిగి చేసి అడగొచ్చు. ఏమని అడుగుతాను.

చీర తీసి పెట్టుకున్నాను. బ్యాటరీ ఛార్జింగుకి పెట్టాను. తీసేశాను. మళ్ళీ పెట్టాను.