వాచీకి చెప్పిన మాట

చిన్నీ,

అమ్మ పోయిన రోజు కుర్చీలో కూలబడ్డదానివి. మళ్ళీ లేచి నాలుగడుగులు వేస్తావని ఆ వాచీ నేనే కొన్నాను. చార్జింగ్ పెట్టి ఫ్రిజ్ మీద ఉంచాను, అది పెట్టుకోకుండా బయటికి వెళ్ళకు. ట్రైనర్ అమ్మాయి నీ గుండె లెక్కలు తన ఫోన్‌లో చూసుకుని, ఇవాళ పార్కు దాకా వద్దంది, వీధి మలుపు వరకు చాలంది. వాచీ మోగితే నిదానించు, గుండె కుదుటపడ్డాక మళ్ళీ నడువు. కూర వేడి చేసుకుని తిను.

నడక ఎందుకు తగ్గించావని పొద్దున్నే ఆ అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను.

"మధ్యాహ్నాలు మీ చెల్లెలి గుండె ఒక్కసారిగా ఎగురుతోంది టీచర్‌గారూ. మాకు చెప్పకుండా మెట్లెక్కి దిగుతున్నారా ఏమిటి?" అని నవ్వింది.

మనింట్లో మెట్లెక్కడివి? కనుక్కుంటానని పెట్టేశాను. కనుక్కునేదేముంది, నిన్న బడి నుంచి వస్తూ వీధిలోంచే చూశాను. ఇన్నాళ్ళూ మూసి ఉన్న అమ్మ గది కిటికీ తెరిచి ఉంది.

నేను ఎన్నిసార్లు అడిగినా "బాగానే ఉన్నానులే అక్కా" అంటావు. నాకు చెప్పని మాట ఆ వాచీకి చెప్పావు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకి నీ గుండె సంగతి నాకన్నా ముందు తెలిసిందని ఒళ్ళు మండింది. అంతకన్నా, నన్ను పిలవకుండా అమ్మ దగ్గరికి ఒక్కదానివే వెళ్తున్నావని కుళ్ళుగా ఉంది.

అవి మెట్లు కావని ఆ అమ్మాయికి నువ్వే చెప్పు. నడక పెంచుతుంది.

అక్క

సాయంత్రం నేను వచ్చేదాకా ఆ కిటికీ మూయకు. నేనింకా ఆ గదిలో అడుగు పెట్టలేదు.