మీ నాయన రాసిన పరీక్ష

నాయనా యోహానూ, నువ్వు మట్టిలో కలిసి నేటికి ఏడాదాయ. మీ నాయనకు మతిమరుపు ముదురుతాంది. పోయిన వారం నంద్యాల డాక్టరు మన ఆళ్లగడ్డ చర్చికొచ్చి, ముసలోళ్లకు గ్యాపకం పరీక్ష చేసినాడు. ఈయన ఫెయిలైతాడేమోనని వీధంతా వచ్చి వెనకాల నిలబడె.

"ఈ పొద్దు ఏం వారం పెద్దాయనా?"

"బేస్తవారం!" అని పదిమంది అందించిరి.

"ఇదేమన్నా బడి పరీక్షనా? మీరు చెప్తే ఈయన జబ్బు నాకెట్ల తెలుస్తాది?" అని డాక్టరు కసిరె.

తర్వాత "పిల్లోళ్లెంతమంది?" అనడిగె. అందరూ తలకాయలు దించిరి.

"ఒకడే సార్. కోయిలకుంట్ల పోయినాడు, సాయంత్రం బస్సుకొస్తాడు," అన్న్యాడు మీ నాయన.

డాక్టరు నన్ను చూసి "నిజమేనా అమ్మా?" అనె.

"ఒకడే అనేది నిజం సార్," అంటి. ఆయప్ప రాసుకొనె.

అప్పట్నుంచి మీ నాయన సాయంత్రం బస్టాండుకు పోతే, వీధిలో ఎవరో ఒకరు ఎంటపోయి, బజ్జీలు తినిపించి పిల్చుకొస్తాండారు.