బిగుసుకుపోయిన మేజోడు

గిరావీన్, 14 జులై 1991, ఆదివారం

ప్రార్థన అయ్యాక చర్చివాళ్లతో కలిసి మ్యూజియానికి వెళ్లాం. ప్రపంచ యుద్ధం రోజుల్లో ఈ దేశపు ఆడవాళ్లు సైనికులకు అల్లి పంపిన మేజోళ్లు, మఫ్లర్లు అద్దాల పెట్టెల్లో పెట్టారు. నేను వాటిని చూస్తుండగానే ఈయన మ్యూజియం చూసుకునే పెద్దావిడ దగ్గర నా గొప్పలు మొదలుపెట్టారు. మాది నరసాపురమట, మా ఇంట్లో అందరూ లేసు అల్లేవాళ్లేనట. మ్యూజియం కోసం పాత నమూనాలో ఇరవై జతల మేజోళ్లు నేను అల్లి ఇస్తానని, నన్నడక్కుండానే మాటిచ్చేశారు. లేసుకి ఒక సూది, ఊలుకి రెండు. ఆ తేడా కూడా ఈయనకు తెలియదు. ఊలు అల్లడం హాస్టల్లో నేర్చుకున్నాను కాబట్టి సరిపోయింది. ఆవిడ ఊలు సంచీ చేతిలో పెడితే అందరి ముందూ నవ్వి తీసుకున్నాను.

కారెక్కాక, "వచ్చే నెల ఇక్కడి నర్సింగ్ రిజిస్ట్రేషన్ ఎగ్జామ్ ఉందండీ" అన్నాను.

"నెక్స్ట్ ఇయర్ రాద్దువులే. నీకిది పుట్టుకతో వచ్చిన పనేగా!"

ఆ పని తప్పించుకోవడానికే నేను నర్సింగ్ చదివాను. అమ్మ కోపంగా ఉన్న రోజున లేసు బిగుసుకుపోయేది, లేసు కొనే ఏజెంటు పనికిరాదని తిప్పి పంపేవాడు.

మ్యూజియంలో ఒక మేజోడు అచ్చం అలాగే ఉంది. మడమ దగ్గర అల్లిక రాయిలా బిగుసుకుపోయింది. కింద చీటీ మీద మాత్రం ప్రేమతో అల్లినవని రాశారు. అది అల్లినావిణ్ణి ఎవరైనా అడిగారో లేదో...

ఇంటికొచ్చి ఆరు వరసలు అల్లాను. ఏడో వరసకి సూది దూరడం లేదు.