మసక గీత

చెల్లికి, అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నామని రాయడం అలవాటు కాబట్టి రాశాను. మీ బావకి మోకాలి నొప్పి తగ్గింది, నసుగుడే తగ్గలేదు. ఈ నాలుగు ముక్కలు రాసేలోపు రెండుసార్లు లేచాను. రెండోసారి లేచేసరికి పాలు పొంగి పొయ్యిపాలయ్యాయి.

పగలంతా ల్యాబులో ఆ చీకటి గదిలో ఏం చేస్తావని అడిగావు. కణం మధ్యలో కేంద్రకం ఉంటుంది, అందులో మన వంశపు గుట్టంతా దాచుకున్న డీఎన్ఏ దారం. సన్నటి లేజర్‌తో ఆ దారాన్ని ఒకచోట కావాలనే తెంపుతాం. ఇల్లు అంటుకుంటే వీధి వీధంతా బిందెలతో పరిగెత్తినట్టు, మరమ్మతు చేసే ఎంజైములు అక్కడికి ఎగబడతాయి. వాటికి ముందే రంగు తగిలించి ఉంచుతాం కనక, తెగినచోట ఆకుపచ్చ గీత వెలుగుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటే.

ఈ మరమ్మతు సరిగ్గా జరగని రోగుల కణాలతో పోల్చడానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం కావాలి. బయటివాళ్లని బతిమాలడం ఎందుకని మా దగ్గర వంతులవారీగా మేమే చెయ్యి చాపుతాం. పోయిన నెల నా వంతు. గీత ఎంతకీ రాలేదు, వచ్చిందీ మసగ్గానే వచ్చింది. రంగు పాడుచేశావని, కలిపినతణ్ణి కేకలేశాను. కొత్త రంగుతోనూ అంతే. పక్క బల్ల ఆవిడ రక్తం పెడితే మాత్రం గీత భగ్గున వెలిగింది. నిమిషం తేడా రానివ్వడని మేం చాటుగా గడియారం అని పిలుచుకునే మా ల్యాబు పెద్దాయన చాలాసేపు సూక్ష్మదర్శినిలోంచి తల ఎత్తలేదు.

"తప్పు రంగుది కాదమ్మా. నువ్వోసారి ఆస్పత్రిలో చూపించుకో," అన్నాడు చివరికి.

చూపించుకున్నాను. మరమ్మతుకి కావలసిన ఒక జన్యువుకి నాలో ఉన్న రెండు ప్రతుల్లో ఒకటి పాడైందట. అలాంటివాళ్లకి రొమ్ము క్యాన్సర్ ముప్పు ఎక్కువట. అమ్మ నుంచి వచ్చి ఉండాలన్నారు. అమ్మని తీసుకుపోయిన రొమ్ము క్యాన్సర్ నలుగురూ అన్నట్టు తలరాత కాదన్నమాట. నాకిప్పుడు జబ్బేమీ లేదు, ఏటేటా పరీక్షలు చేయించుకోమన్నారు. కానీ మనం ఒక్క కడుపున పుట్టినవాళ్లం. నీకూ వచ్చి ఉండే అవకాశం సగానికి సగం.

మీ పాప అచ్చం అమ్మ పోలికేనని సంబరంగా రాశావు. జవాబివ్వలేదని అలిగావు. ఆ ఉత్తరం పట్టుకుని ఏడ్చానే. భయంతో ఏం రాయాలో తోచలేదు.

పాపకి ఇప్పుడే పరీక్ష అక్కర్లేదు, ముందు నువ్వు చేయించుకోవాలి. సూది కనబడితే చాలు నువ్వు గుమ్మం దాటేస్తావని నాకు తెలుసు. అందుకే ఆదివారం నేనే బయల్దేరి వస్తున్నాను. అమ్మకి ముందుగా చెప్పేవాళ్లు లేకపోయారు. నన్ను ఎంతైనా తిట్టుకో, పారిపోకు.

ఇట్లు,
సూది గుచ్చేటప్పుడు నీ రెండో చెయ్యి పట్టుకుని కూర్చోబోయే
అక్క