ఎవరూ వాడటం లేదన్న కార్డు

2004 జూన్ 9

సెలవులు అయ్యేదాకా కాలేజీ ల్యాబ్ నాదే. కొవ్వూరులో ఏడింటి బస్సు ఎక్కితే ఎనిమిది లోపే రాజమండ్రిలో తాళం తీసేస్తున్నాను. ఫ్యాను, నేను, కెర్నెల్‌లో ఆ ఫోల్డర్.

పదేళ్ళుగా ఎవరికి తోచింది వాళ్ళు అందులో పడేశారు. కార్డులను కంప్యూటర్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రాములు, డ్రైవర్లు — మోడెంలవి, ప్రింటర్లవి, దేనివో తెలియనివి. ఒకరిది చూసి ఒకరు దించిన కోడ్, తప్పులతో సహా. కంప్యూటర్‌ను అడుగు నుంచి నడిపే ఈ కెర్నెల్ మాత్రం ఎవరి సొత్తూ కాదు, ప్రపంచమంతటిదీ. వేటి గూట్లో వాటిని పెట్టాలి, ఉమ్మడిగా ఉన్న కోడ్‌ను ఒక ఫైలులోకి తేవాలి, దిక్కులేనివి తీసేయాలి. జీతం లేదు. ఎవరైనా చేయొచ్చు, అందుకే ఎవరూ చేయలేదు.

జూన్ 17

మా ఆయన అన్నం కలుపుకుంటూ — "ఊళ్ళోవాళ్ళ అటక సర్దడానికి నువ్వెందుకే?"

మజ్జిగ వడ్డించాను. ల్యాబ్ ప్రోగ్రామర్ అంటే కాలేజీలో మౌస్‌లు తుడిచే మనిషి. ఇక్కడ మాత్రం నా పేరు ఫైలు పైన ఉంటుంది... అది ఆయనకెలా చెప్పడం.

జూలై 2

ఒక ఫైలు. పేరు స్థానంలో చిప్ నంబరు. ఏ కార్డుకో, ఎందుకో ఒక్క ముక్క రాయలేదు. రాసినాయనకు మెయిల్ చేస్తే అడ్రసు లేదని తిరిగొచ్చింది. మరీ పాత పద్ధతి కోడ్. బతికించాలంటే సగం తిరగరాయాలి. పరీక్షించడానికి నా దగ్గర ఆ కార్డు లేదు.

ఈ పని చేసేవాళ్ళంతా చదివే మెయిలింగ్ లిస్ట్‌లో అడిగాను — ఇది ఎవరైనా వాడుతున్నారా, రెండు వారాల్లో చెప్పండి. కింద ఇంకో వాక్యం కూడా పెట్టాను: అడిగేవాళ్ళు లేని కోడ్‌ను మోయడం అందరికీ బరువు. రాశాక నాకే బాగా అనిపించింది.

జూలై 16

ఎవరూ పలకలేదు. తీసేశాను.

ఆగస్టు 4

నేను సర్దిందంతా కెర్నెల్‌లోకి తీసుకున్నారు. ఈ విభాగం చూసే పెద్దాయన ఎక్కడో స్వీడన్‌లో ఉంటాడు. పొగడడు. ఈసారి రెండు మాటలు రాశాడు — మంచి పని.

ప్రింటు తీసి బ్యాగులో పెట్టుకున్నాను. బ్రిడ్జి మీద బస్సు ఆగిపోతే మళ్ళీ చదివాను.

ఆగస్టు 20

సెమినార్ హాల్లో శాలువా. ముందు హెచ్‌ఓడీ గారు పక్కకు పిలిచి — "ఎన్ని లైన్లు రాశావమ్మా?"

"రాసినవి తక్కువండి. తీసేసినవే ఎక్కువ."

"అలా చెప్పకు. సవరించానని అను."

బ్యానర్ మీద పద్మజ బదులు పద్మావతి అని పడింది. ఎవరూ గమనించలేదు. నేనూ చెప్పలేదు.

2005 జనవరి 24

సత్యం మాస్టారు ల్యాబ్‌కు ఫోన్ చేశారు. ధవళేశ్వరం అంధుల బడిలో పాఠాలు చెప్తారు, ఆయనకూ చూపు లేదు. ఐదేళ్ళయింది ఆ గొంతు విని. ఫైనలియర్‌లో నా ప్రాజెక్టే అది — ఆయన తెలుగులో టైపు చేస్తే, విరాళంగా వచ్చిన ప్రింటర్ మీద బ్రెయిలీలో అచ్చు రావడం. వచ్చేది కూడా. మొదటి కాగితం మీద వేళ్ళు నడుపుతూ, నేను టైపు చేసిన మాటలోనే తప్పు పట్టుకున్నారు.

"పద్మజ గారేనాండి? హార్డ్ డిస్క్ పోయిందండి. కొత్త వెర్షన్ సీడీ వేయించాం. తెర మీదున్నది చదివి వినిపిస్తోంది కూడానండి, నాకిప్పుడు పక్కన మనిషి అక్కర్లేదు. ప్రింటర్ ఒక్కటే పలకట్లేదు."

చిన్న పనే, రేపు వస్తానన్నాను.

జనవరి 25

మాస్టారి కంప్యూటర్ డబ్బా విప్పాను. ప్రింటర్ నడవాలంటే దాని సొంత కార్డు ఒకటి మిషన్లో ఉండాలి. ఉంది. పైన ప్రింటర్ కంపెనీ స్టిక్కర్. గోరుతో పీకాను. కింద చిప్ మీద నంబరు.

ఆ నంబరు. జూలైలో నేను తీసేసిన ఫైలుది; కొత్త సీడీలో ఉన్నది అది లేని కెర్నెల్.

ఐదేళ్ళ కింద ఆ డ్రైవర్ నేనే ఎక్కించాను. ప్రింటర్‌తో వచ్చిన కాగితంలో చెప్పినట్టు చేశాను, అంతే. ఏ ఫైలో చూడలేదు.

"ఏమైందండి?" అన్నారు మాస్టారు.

"చూస్తానండి."

జనవరి 26

కాలేజీకి సెలవు. జరిగింది మా ఆయనకు చెప్పాను. "తీసేముందు అడిగానన్నావుగా?" అడిగానన్నాను. "ఎవర్ని?" అని ఊరుకున్నాడు. వేళాకోళం కూడా కాదు. అదే బాధ.

జనవరి 31

చెప్పేశాను మాస్టారికి. స్టాఫ్ రూములో, పక్కన డ్రిల్ మాస్టారు ఉండగానే.

"నేనే తీసేశానండి."

కుర్చీ నా గొంతు వైపు తిప్పుకున్నారు. తరవాత — "ఎవరూ వాడటం లేదని మీకెవరు చెప్పారండి?"

"ఎవరూ ఏమీ చెప్పలేదండి. అందుకే తీసేశాను."

"ఎక్కడ అడిగారు?"

"ఇంటర్నెట్లో అండి."

"ఇంగ్లీషులోనా?"

అవునన్నాను. నవ్వారు. కోప్పడినా బాగుండేది. "మా బడికి ఫోనుందండి. నంబరు మీ దగ్గర ఎప్పట్నించో ఉంది."

ఫిబ్రవరి 3

పాత వెర్షన్ మళ్ళీ వేద్దామా అని ఫోన్‌లో అడిగాను. అప్పుడు ప్రింటర్ పలుకుతుంది, తెర చదివే ప్రోగ్రాం మూగబోతుంది. "అంటే మళ్ళీ పక్కన ఒకరు కూర్చుని చదివి పెట్టాలాండి నాకు?" అన్నారు. వద్దన్నారు. పదో తరగతి మోడల్ పేపర్లు ఆయనా ఇంకో టీచరూ చేత్తో పొడుస్తున్నారు. ఒక్కో చుక్క.

ఫిబ్రవరి 12

ఆ డ్రైవర్ సగం తిరగరాశాను. జూలైలో చేయనన్న పని. అప్పుడు కార్డు లేదనుకున్నాను, పది కిలోమీటర్ల దూరంలో ఉంది.

అచ్చు వచ్చింది. మాస్టారు వేలితో రెండు పేజీలు చదివారు. "మూడో లైన్లో చుక్క తప్పిందండి." దిద్దాను. మళ్ళీ చదివారు. బాగుందనలేదు.

ఫిబ్రవరి 21

ఫైలు తిరిగి కెర్నెల్‌లో పెట్టమని ప్యాచ్, అంటే సవరణ, పంపాను. స్వీడన్ ఆయన జవాబు నాలుగు లైన్లు. ఒక్క మనిషి కోసం తీసుకోలేం, బయట ఉంచుకోండి. కింద నా మాటే ఎత్తి రాశాడు — అడిగేవాళ్ళు లేని కోడ్‌ను మోయడం అందరికీ బరువు.

వెక్కిరించాలని కాదు. నిజంగా నచ్చి దాచుకున్నట్టున్నాడు.

ఫిబ్రవరి 23

"బయట ఉంచడం అంటే ఏంటండి?" అన్నారు మాస్టారు.

"నా దగ్గర ఉంటుందండి. కొత్త వెర్షన్ వేసినప్పుడల్లా నేనొచ్చి దాన్ని సరిచేయాలి."

"మీకు జ్వరమొస్తే? ఉద్యోగం మారితే?" ఆగి, "నేను మనిషి మీద ఆధారపడటం మానుకుందామనే కదండీ ఈ మిషన్ నేర్చుకుంది."

మళ్ళీ ఆయనే అన్నారు.

"నేనున్నానని వాళ్ళకి రాయండి. నేను చెప్తాను, మీరు ఇంగ్లీషు చేయండి."

ఫిబ్రవరి 24

చెప్పారు. పాతికేళ్ళ సర్వీసు. ఆ ప్రింటర్ రాకముందు పాఠం పిల్లలకు చేరడానికి ఎన్నాళ్ళు పట్టేదో. ఎక్కడా దేబిరింపు లేదు. "మీరు అడిగిన సంగతి నాకు తెలియలేదండి. తెలిస్తే ఆ రోజే చెప్పేవాణ్ణి" అన్నది ఆఖరి వాక్యం.

వాక్యం వాక్యానికీ ఆయన అన్న 'అండి'కి ఇంగ్లీషులో చోటు దొరకలేదు. ఉత్తరం కాస్త పెడసరంగా తయారైంది. అలాగే పంపాను.

ఫిబ్రవరి 25

స్వీడన్ ఆయన జవాబు. మీ ఉత్తరం కదిలించింది, కానీ ఈ లిస్ట్ ప్యాచ్‌ల కోసం, దయచేసి సాంకేతిక విషయాలకే పరిమితం కండి. కింద ఇంకెవరో — ఇలాంటి కథలు ప్రతివాడికీ ఉంటాయి.

కథ అట.

ఫిబ్రవరి 28

మాస్టారు ఫోన్. "ఏమన్నారండి?"

"ఇంకా చూడలేదనుకుంటానండి."

నోటికి అదే వచ్చింది.

మార్చి 5

హెచ్‌ఓడీ గారికి నేషనల్ సెమినార్ పేపరు కావాలి. శీర్షిక ఆయనే పెట్టారు — వాడుకలో లేని డ్రైవర్ల తొలగింపు. మొదటి పేరు ఆయనది. అంధుల బడి సంగతి ఒక పేరా రాశాను. "ఇది వద్దమ్మా, మన పనే తప్పన్నట్టుంది" అని కొట్టేశారు.

కొట్టేయనిచ్చాను. సంతకం పెట్టాను.

మార్చి 11

ధవళేశ్వరం వెళ్ళాను. ప్రింటర్ పనిచేస్తోంది, మోడల్ పేపర్లు అయిపోయాయి. నా డ్రైవర్‌తోనే. దాన్ని మాత్రం మాస్టారు లెక్కలోకి తీసుకోవడం లేదు. వాళ్ళ దాంట్లోకి ఎక్కిందా లేదా, అదే అడుగుతున్నారు.

"జవాబు రాలేదాండి ఇంకా?"

"రాలేదండి."

"పోనీలెండి. వాళ్ళకీ పనులుంటాయి. మొదటి దాంట్లో నేనే కాస్త బిరుసుగా చెప్పానేమో. ఇంకోటి రాద్దామా?"

పెడసరం చేసింది నేను. అదీ చెప్పలేదు. కాగితం తీశాను. ఈసారి ఇంకా మెత్తగా చెప్పారు. రెండుసార్లు దయచేసి అన్నారు. ఆ మనిషి నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

మార్చి 14

ఇంగ్లీషు చేశాను. పంపలేదు. పంపితే ఏమంటారో తెలుసు. పంపకపోతే...

మార్చి 16

ల్యాబ్ క్లాసు మధ్యలో ఫోన్ మోగింది. మాస్టారు.

"పంపారాండి?"

వెనకాల బడి గంట మోగుతోంది. ఆయన రిసీవర్‌ను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నట్టు చప్పుడు.

"పంపానండి" అన్నాను.